కోమటింటి గోడ మీది చేపలు

ఇందూరు పెద్దబజార్ల రాజేశ్వర్ ఇంట్ల ఏకాదశి వస్తే ఉల్లిగడ్డ కూడ కొయ్యరు. ఇగ నీసు సంగతి అడిగే పనే లేదు. అసొంటి ఇంటికి ఊరు పెట్టిన పేరు చేపలోల్ల ఇల్లు. స్టేషన్ల దిగి టాంగా ఎక్కి "బెల్లం ఆడ్తి రాజేశ్వర్ ఇంటికి పోనియ్యి" అంటే టాంగావాడు ఏ గల్లీ అని అడుగుతుండె. అదే "చేపలోల్ల ఇల్లు" అంటే ఇంకో మాట అడగకుంట తీస్కపోయి అరుగు ముంగట దించుతుండె.

ఆ పేరు వచ్చుడుకు కారణం రాజేశ్వర్ కాదు. ఆయన భార్య సుమిత్రమ్మ.

సుమిత్రమ్మ తల్లిగారిది బాల్కొండ. తండ్రిది చిన్న కిరాణం. నోట్ల నాలుక లేని పిల్ల అని బాల్కొండల పేరు తెచ్చుకోని ఇందూరుకు కోడలై వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఇద్దరు పిల్లల తల్లి అయ్యేదాక, నాకు ఫలానాది కావాలె అని ఆమె అడిగింది లేదు. చీరెలు అత్త తిరుపతమ్మ తెప్పిస్తుండె. కూర ఏం వండాల్నో పొద్దుగాల్ల అత్తనే చెప్తుండె. గోడల సంగతైతే ఎవ్వరికీ పట్టింది కాదు. ముందటర్రల ఒక పట్టాభిషేకం పటం, పక్కన చనిపోయిన మామ ఫోటో, ఇంకో దిక్కు అంగీలు తగిలిచ్చే కొయ్యలు. కడ్మ గోడంత సున్నం.

నిజాంసాగర్ కట్ట పూర్తయి రెండేండ్లు దాటినంక, కట్ట పని మీద వచ్చిన దొరలు ఒక్కొక్కరే వాపసు పోవుడు మొదలువెట్టిండ్రు. అండ్ల ఒక ముసలి ఇంజనీరు దొర ఇందూర్ల కిరాయి బంగ్లల ఉంటుండె. సామానంత హర్రాజ్ పెట్టి సీమకు పోతున్నడని విని రాజేశ్వర్ కూడ పోయిండు. ఆయన కన్నంత అక్కడున్న ఒక అద్దాల అల్మారా మీద. అల్మారా ఆయనకే దక్కింది గని, హర్రాజ్ నడిపేటాయన ఒక మెలిక పెట్టిండు. భోజనాల కమ్రాల గోడకున్న పటాలను ఎవ్వరూ అడుగుతలేరు, అల్మారా తోటి అవి కూడ ఎత్తుకపోవాలె అన్నడు.

ఏడు పటాలు. టేకు ఫ్రేములు, దళసరి అద్దాలు. ఒక్కొక్క పటంల ఒక్కొక్క చేప.

దొర దగ్గర వంట చేసే బబర్చీ వాటిని బండ్లెకెక్కిచ్చుకుంట అన్నడు, "పైలం సేటూ. ఇవి దొర తాత కాలం నాటియి. నూరేండ్లు అయి ఉంటయట. నల్లగ అచ్చు కొట్టి, పైకెల్లి ఒక్కొక్క చేపకు చేతి తోటి రంగు దిద్దిండ్రట. అన్నీ మంచినీళ్ల చేపలే. దొరసాని బతికున్నన్ని దినాలు వీటిని ఎవ్వర్ని ముట్టనియ్యకపోతుండె."

"అన్నం తినే కాడ చేపల బొమ్మలా?" అన్నడు రాజేశ్వర్.

"తినేది గవే, చూసేది గవే," అని బబర్చీ నవ్విండు.

బండి ఇంటి ముంగట ఆగంగనే తిరుపతమ్మ గడప మీద నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఏందిర రాజేశం గవి?"

"పటాలవ్వా. ఫ్రేములు సూడు ఎంత గట్టిగున్నయో. లోపటి కాయితాలు తీసేసి, ఎర్రన్నకిచ్చి దేవుండ్లను కట్టిస్త."

"ముందుగాల తీపియ్యి. తీపిచ్చినంకనే గడప దాటియ్యి. కోమటోల్ల కొంపల చాపలేంది, శివ శివా!"

పటాలు కట్టే ఎర్రన్న ఆ వారం ఊర్ల లేడు, బిడ్డ పెండ్లికని సిరికొండకు పోయిండు. అందుకని పటాలు అరుగు మీద గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. మరునాడు పొద్దుగాల్ల అరుగు ఊడ్వవోయిన సుమిత్రమ్మ, దుమ్ము తుడుద్దామని కొంగు తీసి ఒక పటం ముంగట కూసున్నది. కూసున్నదానికి లేవబుద్ధి కాలేదు.

ఒక చేప ఒంటి నిండ ఎర్ర చుక్కలు, ఒక్కొక్క చుక్క చుట్టూ తెల్లటి గీత. ఇంకోదానికి వీపు మీద నిలువు పట్టీలు, కడుపు కింద రెక్కలు మోదుగుపూల రంగు. ఒకటి పాము లెక్క సన్నగ మెలి తిరిగింది. ఒకదాని మూతికి పొడుగాటి మీసాలు. చుట్టూ నీళ్లు లేవు, గడ్డి లేదు, ఏం లేదు. ఉత్త తెల్ల కాయితం మీద చేప. అడుగున సన్నటి అచ్చరాల పేరు.

చిన్నప్పుడు కార్తీకం వచ్చిందంటే నాయనమ్మ ఆమెను బండ్లె కూసోబెట్టుకోని గోదారి స్నానానికి తీస్కపోతుండె. ఒడ్డు మీద నిలబడి నీళ్లల్ల పేలాలు చల్లితే చేపలు గుంపు కట్టి వస్తుండె. పైకెల్లి చూసేటోల్లకు ఏం కనబడ్తది? నల్లటి వీపులు, కదిలే నీళ్లు. ఇంత దగ్గర నుంచి, పక్క నుంచి, కన్నూ రెక్కా పొలుసూ విడివిడిగ కనబడేటట్టు చేపను ఆమె ఏనాడూ చూడలేదు. బజార్ల గంపలు ఎదురైతే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని పక్కకు జరిగే కులం ఆమెది.

రాత్రి భర్తకు అన్నం వడ్డిస్త అన్నది, "గా పటాలు గట్లనే ఉంచుదాం."

రాజేశ్వర్ కలుపుతున్న చెయ్యి ఆపి చూసిండు. "ఎందుకు?"

"బాగున్నయి."

"బాగుంటే? అవ్వ ఊకుంటదా?"

సుమిత్రమ్మ ఏం చెప్పాల్నో ఆ పొద్దంత ఆలోచించి పెట్టుకున్నది. "అన్ని చేపలూ ఒక్కటే దిక్కు చూస్తున్నయి, మీరు చూసిండ్రా? అన్నిటి మూతి మన ఎడమ చేతి దిక్కే. తూర్పు గోడకు కొడితే అన్నీ ఉత్తరానికి పోయినట్టుంటయి. ఉత్తరమంటే కుబేరుని దిక్కు. దుకాణమున్న ఇంటికి మంచిదే గద."

రాజేశ్వర్ లేచి, చెయ్యి కడుక్కోని, లాంతరు పట్టుకోని అరుగు మీదికి పోయి చూసి వచ్చిండు. నిజమే, ఏడింటికీ మూతి ఎడమ దిక్కే. వ్యాపారం చేసేటోనికి కుబేరుని పేరు చెప్తే కాదనుడు కష్టం.

తల్లికి ఆయనే చెప్పిండు. తిరుపతమ్మ అంత అల్కగ ఒప్పుకోలేదు. "మచ్చావతారమని చెప్తున్నవా? మచ్చావతారానికైతే నడుము మీద మనిషుంటడు, చేతుల శంఖం ఉంటది. వీండ్లకేవి?" అన్నది. ఆఖరికి దసరా దాక ఉండనీ, దసరాకు దేవుండ్లను కట్టియ్యి అన్న షరతు మీద చేపలు గడప దాటినయి. సుమిత్రమ్మ మరిది విఠల్‌ను స్టూలు ఎక్కిచ్చి మేకులు కొట్టిచ్చి, తూర్పు గోడకు వరుసగ తగిలిచ్చింది. పక్కకు జరిగి చూసింది. మళ్ల ఒకటి రెండు అటిటు మార్పిచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఒక గోడ ఎట్లుండాల్నో తాను చెప్తే ఒకరు చేసుడు అదే మొదలు.

ఇంగ్లీషు చదువుతున్న విఠల్ పటాల అడుగున పేర్లు చదవవోయి నోరు తిరగక ఊకున్నడు. "అచ్చరాలు ఇంగ్లీషే గని మాటలు ఇంగ్లీషు కావు వదినా," అన్నడు.

దసరా వచ్చింది, పోయింది. ఆ ఏడు బెల్లం బండ్లు ఎక్కువ రావట్టి రాజేశ్వర్‌కు తీరలేదు. ఆ మీదటేడు కూడ తీరలేదు. దుకాణానికి వచ్చి పోయే రైతులు, బేరగాండ్లు అరుగు మీద కూసోని లోపటికి తొంగి చూస్తుండిరి. పేరు అట్ల మెల్లగ అంటుకున్నది. రాజేశ్వర్‌కు అది ముల్లు లెక్క గుచ్చుకుంటుండె గని, పైకి నవ్వుతుండె.

మూడో ఏడు వానకాలం తిరుపతమ్మ బాయికాడ పాకుడు మీద జారి పడ్డది. ఎడమ తుంటి ఇరిగింది. కట్టు కట్టేటాయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టిండు. లోపటర్రల చీకటి, గాలి రాదు అని మంచం ముందటర్రల ఏసిండ్రు. తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. ఎడమ పక్కకు ఒత్తిగిల్ల రాదు కనుక ఎప్పుడూ కుడి పక్కకే. కుడి పక్కన తూర్పు గోడ. గోడకు చేపలు.

మొదట్ల ఆమె కండ్లు మూసుకునే పండుతుండె. మనిషి ఎన్ని దినాలని కండ్లు మూసుకోని ఉంటది? ఒకనాడు సుమిత్రమ్మ జావ తాపియ్యంగ ముసలామె అన్నది, "గా మీసాల దాన్ని సూస్తె నాకు మా మరిది లింబయ్య యాదికొస్తడు. అచ్చం గట్లనే, ఎప్పుడు సూసినా ఏదో అడుగనీకె వచ్చినట్టు మొకం పెడ్తుండె."

సుమిత్రమ్మకు నవ్వు ఆగలేదు. అత్త ముంగట ఆమె అట్ల నవ్వుడు అదే మొదలు. జావ గిన్నె తొణికింది.

"నవ్వుతవేందే? ఇంకా విను. గా పండ్లు బయటేసిన పొడుగు మూతిది మా పెద్దాడిబిడ్డ. ఎర్ర రెక్కలది మీ బాల్కొండ పెద్దమ్మ, లగ్గానికి గసొంటి చీరెనే కట్టుకొచ్చింది."

అట్ల ఏడింటికి ఏడు పేర్లు పడ్డయి. పొద్దుగాల్ల లేవంగనే "లింబయ్య లేసిండా?" అని తిరుపతమ్మ అడుగుడు, "లేసిండు, మీసాలు దువ్వుకుంటున్నడు" అని సుమిత్రమ్మ చెప్పుడు. పిల్లలు కూడ నేర్చుకున్నరు. పదేండ్ల కాపురంల అత్తాకోడండ్లు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు చుట్టాల ముచ్చట్లన్నీ గోడ మీదికెల్లి వస్తుండె. ఎవరు ఎవరికి ఏమన్నరు, ఎవరి లగ్గంల ఎవరు అలిగిండ్రు, అన్నీ.

విఠల్‌కు సంబంధాలు చూసుడు మొదలైంది. కమ్మర్‌పల్లి పసుపు వ్యాపారి బాలనర్సయ్యకు మనుమరాలు ఉన్నది. మంచి ఇల్లు, మడి ఆచారం ఉన్నోల్లు. పిల్లను ఇచ్చే ముందట పిల్లగాని ఇల్లు చూస్తమని కబురు పంపిండ్రు. రాజేశ్వర్ ముందటి దినం సుమిత్రమ్మతోటి చెప్పిండు, "రేపు పొద్దటికల్లా గా చేపలను తీసెయ్యి. వాల్లు మనసొంటోల్లు కాదు, పట్టింపు ఎక్కువ."

సుమిత్రమ్మ తీసింది. ఏడు పటాలు లోపటర్రల పెట్టి, పైన చద్దరు కప్పింది. పొద్దుగాల్ల తిరుపతమ్మ కండ్లు తెరిచి గోడ చూసింది.

"ఏవే?"

"చుట్టాలొస్తుండ్రు గద అత్తమ్మా. ఆయన తీసెయ్యమన్నడు."

"వస్తే రానీ. బోడ గోడను సూసుకుంట నేనెట్ల పండాలె? నా పానం కొట్టుకుంటది. పెట్టు."

"ఆయన కోపం చేస్తడు."

"నేన్లేనా? నేన్ చెప్త వానికి. పెట్టు."

సుమిత్రమ్మ అటొక చూపు ఇటొక చూపు చూసి, మళ్ల తగిలిచ్చింది. రాజేశ్వర్ చుట్టాలను తీస్కొచ్చుటానికి స్టేషన్‌కు పోయిండు కనుక చూడలేదు. వాల్లతోటి కలిసి లోపటికి వచ్చినంకనే చూసిండు. అప్పటికి చేసేదేం లేదు.

బాలనర్సయ్య తలకు రుమాలు, నొసటికి విభూతి పెట్టుకున్న పెద్దమనిషి. తిరుపతమ్మకు దండం పెట్టి, గద్దె మీద కూసోని, నీళ్ల చెంబు చేతిలకు తీసుకున్నడు. తాగవోతూ గోడ దిక్కు చూసిండు. చెంబు కింద పెట్టిండు.

"ఈ ఇల్లు ఇదివరకు ఎవరిది?"

"మా తాత కట్టిచ్చింది. మాదే," అన్నడు రాజేశ్వర్.

"మరి గవి?"

"హర్రాజ్ల వచ్చినయి. ఉత్త బొమ్మలే."

"బొమ్మలే. నేను కాదంటలేను." బాలనర్సయ్య గొంతు మెత్తగనే ఉన్నది. "గని మనిషి లేస్తే ఏం చూస్తడో అదే మనసుల పడ్తది. మా పిల్ల తులసికోట ముంగట పెరిగింది. రేపు మా ఊర్లె అడుగుతరు, ఏ ఇంటికిస్తున్నవయ్యా అని. చేపలోల్లింటికి అని చెప్పాల్నా? టాంగావాడు కూడ మీ ముంగట్నే గదే పేరు అన్నడు."

రాజేశ్వర్‌కు తలకాయ తీసేసినట్టైంది. మంచం దిక్కు చూసిండు. నేన్ చెప్త అన్న తిరుపతమ్మ దుప్పటి గదువ దాక గుంజుకోని ఉలుకు లేకుంట పలుకు లేకుంట పండుకున్నది. తలుపు చాటున ఉన్న సుమిత్రమ్మ కాలి బొటనవేలు చూసుకుంట నిలబడ్డది. వచ్చినోల్లు ఇంకొంచెం సేపు పంటల ముచ్చట మాట్లాడి, నీళ్లు ముట్టకుంటనే లేసి పోయిండ్రు. వారం తిరగకముందే జాతకాలు కలుస్తలేవని కబురొచ్చింది.

ఆ పొద్దు రాజేశ్వర్ భార్యను నాలుగు మాటలన్నడు. "నేను తీయమంటే తీయకపోతివి. నా తమ్ముని లగ్గం కన్న నీకు చేపలే ఎక్కువైనయా?" సుమిత్రమ్మ ఎదురు చెప్పలేదు. అత్త పెట్టమన్నదని ఒక్క మాట అంటే అయిపోతుండె. ముసలామె మంచం మీదున్నది, ఆమె మీదికి తోసుడు ఎందుకు అని ఊకున్నది. తిరుపతమ్మ కూడ ఏం అనలేదు. ఆ ఒక్కటి సుమిత్రమ్మకు లోపట గుచ్చింది.

తెల్లారి రాజేశ్వర్ తానే పటాలు బండ్లె ఏసుకోని పోయి ఎర్రన్న దుకాణంల పడేసిండు. నాలుగు దినాలకు అవే ఫ్రేములల్ల లక్ష్మీదేవి, సత్యనారాయణస్వామి, రుక్మిణి పక్కన విఠోబా, ఇంకా నలుగురు దేవుండ్లు వచ్చిండ్రు. బొంబాయి దిక్కు అచ్చైన మెరుపు రంగుల కాయితాలు. తూర్పు గోడ నిండిపోయింది. సుమిత్రమ్మ ఊదుబత్తులు ముట్టిచ్చింది. తిరుపతమ్మ పండుకున్న కాడికెల్లే రెండు చేతులెత్తి మొక్కింది.

ఇంకొంచెం సేపటికి ఆమెను కడిగి చీరె మార్చే యాళ్ల అయింది. ఒంటికి రెంటికి అన్నీ మంచంలనే కనుక సుమిత్రమ్మ పొద్దుమాపు ఆ పని చేస్తుండె. నీళ్ల బకెట్టు, పాత గుడ్డలు పట్టుకోని వస్తే ముసలామె చీరె కుచ్చిళ్లు గట్టిగ పట్టుకున్నది.

"వద్దు."

"ఎందుకత్తమ్మా?"

"వాండ్ల ముంగట్నా?"

సుమిత్రమ్మ గోడ దిక్కు తిరిగి చూసింది. ఏడు పటాల దేవుండ్లు, అందరి కండ్లు ఇటే.

ఒక చీరె అడ్డం కట్టి చూసింది. పటాలను వెనకకు తిప్పుదామా అనుకున్నది, దేవుణ్ని గోడకు మొకం పెట్టిచ్చుడు మంచిది కాదని ఊకున్నది. ఆ పొద్దుకు ఎట్లనో లోపటర్రలకు మోసుకపోయి కానిచ్చిండ్రు గని, కదిలించినందుకు తుంటి నొప్పి లేసి ముసలామె రాత్రంత మూలిగింది. మరునాటి సంది నీళ్లు తాగుడు బందు చేసింది. తాగితే ఒంటికి రావాలె గద. రెండు దినాలకు పెదవులు ఎండి చీలినయి.

రాజేశ్వర్ మంచం పట్టె మీద కూసోని, "ఏందవ్వా గీ మొండితనం?" అని అడిగిండు.

అప్పుడు చెప్పింది తిరుపతమ్మ. "ఓరి రాజేశం, దేవుండ్లను దేవునింట్ల పెట్టు. రోగమొచ్చిన ముసల్దాని మంచం ముంగట పెట్టకు. వాండ్ల ముంగట నాకు సిగ్గయితది. చాపలైతే ఏమనకపోతుండె. చాపలు నేను బట్ట మార్చుకుంటే సూడవు. నాయి నాకు తెచ్చియ్యి." ఇంకో మాట కూడ అన్నది. "గానాడు నీ పెండ్లాం తీసే పెట్టింది. మళ్ల పెట్టిచ్చింది నేనే. దాన్ననకు."

రాజేశ్వర్ మంచం పట్టె మీదికెల్లి లేసిండు. భార్య దిక్కు చూసి, "నాకు చెప్పొద్దా?" అన్నడు. సుమిత్రమ్మ గిన్నెల నీళ్లు తెచ్చి అత్త నోటికి పెట్టింది. ముసలామె తాగింది.

దేవుండ్లల్ల సగం మంది దేవునింట్లకు, సగం మంది దుకాణానికి పోయిండ్రు. వాల్లను ఫ్రేముల్లకెల్లి ఊడదీసుడు అపచారం కనుక ఫ్రేములు వాల్లతోటే పోయినయి. చేపల కాయితాల కోసం ఎర్రన్న దగ్గరికి నేను పోను, నవ్వుతడు అన్నడు రాజేశ్వర్. ఆయన వద్దనలేదు కనుక సుమిత్రమ్మనే పోయింది. పదేండ్ల నుంచి గుడికి, పేరంటానికి తప్ప బజారుకు పోని మనిషి, చెంగు నెత్తి మీదికి గుంజుకోని, ఎవరి మొకం చూడకుంట నడిచి గోల్‌హనుమాన్ గుడి దిక్కున్న దుకాణం మెట్ల మీద నిలబడ్డది.

ఎర్రన్న లేసి నిలబడ్డడు. "మీరొచ్చిండ్రేందమ్మా, కబురు పంపితే నేను రాకపోదునా."

"చేపల కాయితాలు పారేసినవా?"

"ఎవలన్న పారేస్తరా అమ్మా అసొంటి కాయితం? చుట్ట చుట్టి పెట్టిన." అటక మీదికెల్లి తీసిండు. విప్పి చూస్తే ఆరే ఉన్నయి.

"ఇంకోటేది?"

ఎర్రన్న తల గోక్కున్నడు. "పటానికి వెనక అట్ట కింద మందం కాయితం ఏస్తే చెమ్మ గుంజదు. ఒకటి వాడిన. బాల్కొండోల్లు ఎవరో వెంకటేశ్వర్ల పటం కట్టిచ్చుకోని పోయిండ్రు. దాని వెనకున్నది."

"మీసాలదా?"

"అదేనమ్మా."

సుమిత్రమ్మ ఆ కడ్మ ఆరింటికి ఫ్రేములు చెయ్యమన్నది. అసొంటి దళసరి అద్దం ఇందూర్ల దొరకదని ఎర్రన్న చెప్తే, అద్దం లేకుంటనే చెయ్యమన్నది. ఆయన కాయితాలకు వెనక మైదా పెట్టి గుడ్డ అంటిచ్చి, చుట్టూ వేపచెక్క పట్టీలు కొట్టి ఇచ్చిండు. మోసుకచ్చుటానికి మనిషిని కూడ తోలిండు.

అత్తకు లింబయ్య సంగతి ఎట్ల చెప్పాల్నో దారి పొడుగున సుమిత్రమ్మకు తోచలేదు. తగిలిచ్చుడు అయినంక ముసలామె ఒక్కొక్కర్ని లెక్కపెట్టుకుంట పోయి ఆగింది.

"లింబయ్య ఏడి?"

"బాల్కొండకు పోయిండత్తమ్మా."

"ఎందుకు?"

"దేవుని వెంబడి పోయిండు. వెంకటేశ్వర్లను మోసుకోని."

తిరుపతమ్మ ఖాళీ మేకు దిక్కు చూసింది. "పోనీ. మనిషి బతికున్నప్పుడు గూడ గిట్లనే, కాలు ఒక్క కాడ నిలువకపోతుండె," అన్నది. అని, నీళ్లు పెట్టమని తానే అడిగింది.

విఠల్‌కు ఆ మీదటేడు బోధన్ల సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి గానుగలు పెట్టి బెల్లం వండిచ్చేటాయన. శక్కర్ కార్ఖానా వస్తదని, చెరుకంత అటే పోతదని ముందే తెలుసుకోని గానుగలు బందు చేసి గోనెసంచుల వ్యాపారంలకు దిగిండు. ఇల్లు చూడవచ్చిన నాడు చేపల ముంగట నిలబడి, "ఇవి మన దిక్కువి కావు గద," అన్నడు. అంతే. నీళ్లు తాగిండు, అన్నం తిన్నడు, లగ్గం ఖాయం చేసుకోని పోయిండు. కమ్మర్‌పల్లి సంబంధం నిజంగ చేపల తోటే పోయిందా, లేకుంటే జాతకాల తోటా అన్నది రాజేశ్వర్‌కు ఆఖరి దాక తెలువలేదు. ఆ పిల్లను తర్వాత ఆర్మూర్ల ఇచ్చిండ్రని మాత్రం విన్నడు.

తిరుపతమ్మ మళ్ల నడవలేదు. కార్ఖానా పొగగొట్టం లేస్తున్న ఏడు, చలికాలం, రెండు దినాల జొరం తోటి పోయింది. పోయే నాడు కూడ కుడి పక్కకే ఒత్తిగిలి ఉన్నది. ఫోటో తీపిచ్చుకుంటే ఆయుష్షు తగ్గుతదని ఆమె ఏనాడు కెమెరా ముంగట కూసోలేదు కనుక, మామ ఫోటో పక్కన పెట్టుటానికి ఏం లేకపోయె. సుమిత్రమ్మ కొన్నాళ్లు పొద్దుగాల్ల జావ గిన్నె పట్టుకోని ముందటర్ర దాక వచ్చి, ఖాళీ జాగ చూసి మళ్లిపోతుండె.

బెల్లం ఆడ్తి సన్నబడ్డది. వియ్యంకుడు చెప్పిన మీదట రాజేశ్వర్ కూడ బోధన్ల గోనెసంచుల దుకాణం పెట్టి, సంసారాన్ని అక్కడికి మార్చిండు. ఇందూరు ఇల్లు విఠల్‌కు ఒప్పజెప్పిండు. బండ్లకు సామాన్ కడ్తున్నప్పుడు, చేపలు ఎవరికి అని ఎవ్వరూ అడగలేదు. సుమిత్రమ్మ పాత చీరెలల్ల చుట్టి తన బండ్లెనే పెట్టుకున్నది.

బోధన్ల కిరాయి ఇల్లు చిన్నది. ముందటర్రకు తూర్పున గోడ లేదు, ద్వారమే ఉన్నది. దక్షిణపు గోడకు కొడ్తే చేపలు తూర్పుకు పోతయి, ఉత్తరపు గోడకు కొడ్తే పడమటికి. సుమిత్రమ్మ ఈసారి కుబేరుణ్ని యాది చేసుకోలేదు. వెల్తురు ఏ గోడ మీద మంచిగ పడ్తదో చూసి, ఆ గోడకు తానే మేకులు కొట్టింది. సాయంత్రం ఇంటికొచ్చిన రాజేశ్వర్ చూసి, "ఒకటి వంకరగున్నది," అన్నడు. ఆమె సరి చేసింది.

పది దినాలైనంక ఒకనాడు పొద్దుగాల్ల, చేపలమ్మే సత్తవ్వ ఆ గల్లీల పోతూ తెరిచి ఉన్న ద్వారంల నుంచి గోడ చూసింది. చూసి గంప దించింది.

"అమ్మా, మంజీర శాప. పానంతోటున్నయి. ఎంతియ్యాలె?"

సుమిత్రమ్మ బయటకొచ్చింది. "మేము తినమవ్వా."

సత్తవ్వ ఆమెను చూసింది, గోడను చూసింది. "తిననోల్లకు గోడకెందుకే?"

"చూడనీకె."

"సూడనీకా?" సత్తవ్వ గడప ఇవతలనే కూసోని మెడ సాపి ఒక్కొక్కటే చూసింది. "మా మంజీరల గిసొంటియి లేవు. గా పాము లెక్కది ఒక్కటి కొంచెం పోల్తది. ఎవలో మంచిగనే దించిండ్రు, పొలుసు పొలుసు కనవడ్తుంది."

సుమిత్రమ్మకు చాన దినాల నుంచి ఉన్న ఒక కోరిక నోటి దాక వచ్చింది. అటూ ఇటూ చూసి, మెల్లగ అడిగింది, "నీ గంపలది ఒకటి చూపిస్తవా? పక్కకెల్లి?"

సత్తవ్వ తడి గుడ్డ తీసి, రెండు చేతుల మీద ఒక చేపను పట్టి చూపింది. కోమటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వంగింది. బూడిద కలిసిన వెండి రంగు. రెక్క కొంచెం కొంచెం కదులుతున్నది. కన్ను గుండ్రంగ, రెప్ప లేకుంట. పటంల ఉన్నంత రంగు దానికి లేదు.

"ఇంతేనా రంగు?"

"నీళ్లల్లున్నంత సేపే రంగమ్మా. బయటికొచ్చినంక గింతే."

సుమిత్రమ్మ ఇంకొంచెం సేపు చూసింది. చేప నోరు తెరిచింది, మూసింది. "కప్పు, పాపం. లోపట పెట్టు," అన్నది.

సత్తవ్వ గుడ్డ కప్పి నీళ్లడిగింది. సుమిత్రమ్మ చెంబు తెచ్చి ఎత్తి పోస్తే దోసిట్ల తాగి, మొకం కడుక్కున్నది. ఆ తర్వాత గూడ ఆమె ఆ గల్లీల పోయినప్పుడల్లా గంప దించి, అరుగు మీద ఘడియ సేపు కూసోని, గోడ దిక్కు చూసి, ముచ్చట పెట్టి పోతుండె. ఆ ఇంట్ల ఒక్క చేప అమ్ముడుపోలేదు. అమ్ముదామని ఆమె కూడ మళ్ల అడగలేదు.

ఆ మొదటి నాడైతే, సత్తవ్వ గంప నెత్తికెత్తుకోని కార్ఖానా దిక్కు పోయినంక, సుమిత్రమ్మ చేతులు రెండుసార్లు కడుక్కున్నది. లోపటికి పోయి పొయ్యి మీది పప్పు దించి, పోపు పెట్టింది.